గొడుగుకు బెదిరిన గుర్రం

2022 ఆగస్టు. తిరుత్తణిలో నేను క్లినిక్కు పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. క్లినిక్కు అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో ఒక రేకు బల్ల, రెండు బెంచీలు. వెనక గదిలో మందుల ఫ్రిజ్జు. కుక్కలు, మేకలు అక్కడికే వస్తాయి. ఆవులూ బర్రెలూ బస్సెక్కి రాలేవు కాబట్టి వాటి దగ్గరికి నేనే బండి మీద వెళతాను. రోజులో సగం పొదుగు వాపులకూ, ఈనలేక అవస్థపడే ఆవులకూ సరిపోతుంది. గుర్రం అనే మాట ఏడాదికి రెండు మూడుసార్లు వినిపిస్తే ఎక్కువ.

మాది మగ్గాల ఇల్లు. నాన్న చీరలు నేసేవాడు. నేనొక్కడినే దారి తప్పి పశువుల డాక్టరునయ్యాను. చదువు అయిన వెంటనే మద్రాసు వెళ్ళి ఎనిమిదేళ్ళు రేసు గుర్రాల శాలల్లో పనిచేశాను. ఆ ఎనిమిదేళ్ళలో నాకు ఒక పిచ్చి, ఒక అలవాటు అంటుకున్నాయి. నేను చెప్పబోయే కేసులో తప్పంతా ఆ రెండింటి వల్ల జరిగిందే.

పిచ్చి ఏమిటంటే, విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లండు రేసు గుర్రాలు. పాత పుస్తకాల కొట్టులో అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది నాకు. ఆ కాలంలో గెలిచిన గుర్రాల చరిత్రలన్నీ అందులో ఉన్నాయి. ఊపిరి తీస్తే గొంతులో గరగరమనే జబ్బు వచ్చినా ఓటమి ఎరగని ఆర్మండ్, ఇంకా ఎన్నో. మధ్యాహ్నం గుర్రాలు నిద్రపోయే వేళ గడ్డి మోపుల మీద పడుకుని ఆ పుస్తకం చదివేవాణ్ణి. మా తాత పేరు తప్ప ముత్తాత పేరు నాకు తెలియదు. ఆ గుర్రాలకు మాత్రం ఏడు తరాలు తడుముకోకుండా చెప్పగలను.

అలవాటు ఏమిటంటే, ఎడమ పక్క. రేసు శాలలో మొదటి రోజు నేర్పే పాఠం ఇదే. గుర్రం దగ్గరికి ఎడమ పక్కనుంచే పోవాలి. కళ్ళెం వేసేది, జీను కట్టేది, ఎక్కేది, దిగేది, పగ్గం పట్టుకుని నడిపేది అంతా ఎడమనుంచే. ఆ పక్కను నియర్ సైడ్ అంటారు, అంటే మనిషికి దగ్గరగా ఉండే పక్క. కుడి పక్క ఆఫ్ సైడ్. నడుముకు ఎడమ వైపు కత్తి వేలాడే రోజుల్లో కత్తి అడ్డు పడకుండా గుర్రం ఎక్కడానికి పుట్టిన పద్ధతట. కత్తులు ఎప్పుడో పోయాయి, పద్ధతి పోలేదు. ఎనిమిదేళ్ళు అట్లా తిరిగాక నా కాళ్ళు నన్ను అడక్కుండానే గుర్రానికి ఎడమ వైపుకు పోతాయి.

ఆ ఆగస్టులో ఒక ఉదయం ఫోను వచ్చింది. తిరువాలంగాడు దగ్గరి పల్లెలో చెరుకు, వరి పండించే రైతు, పేరు మునిరత్నం.

"సార్, మీరు గుర్రాల డాక్టరంట గదా. మా చిన్నోడు గొడుగు చూస్తే పారిపోతాండాడు. రవంత వచ్చి చూస్తారా?"

చిన్నోడంటే గుర్రమని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

సంగతి ఇది. ఆ ఊరి పెరుమాళ్ళ గుడిలో పెరటాసి నెల, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో, మూడో శనివారం ఊరేగింపు జరుగుతుంది. స్వామి ముందర ఒక గుర్రం నడవాలి. దాని మీద ఎవరూ ఎక్కరు. జీను మీద పట్టుగుడ్డ పరిచి ఖాళీగా నడిపిస్తారు. ఆ ఖాళీ జీను మీద స్వామి కూర్చున్నట్టు లెక్క. అందుకని గుర్రానికి ఎండ తగలకుండా పక్కన ఒక మనిషి పెద్ద తెల్ల గొడుగు పట్టుకుని నడుస్తాడు. గుర్రాన్ని ఇచ్చి నడిపించే మర్యాద మునిరత్నం ఇంటిది. వాళ్ళ తాతల తాతలు ఈ సీమకు వచ్చి స్థిరపడ్డప్పటినుంచీ వస్తున్నదట. వాళ్ళ ముసలి నాటు గుర్రం ఆ ఎండాకాలంలో చచ్చిపోయింది. తెలిసినవాళ్ళ ద్వారా మద్రాసులో రేసుల నుంచి విరమించిన ఆరేళ్ళ గుర్రాన్ని తెచ్చుకున్నారు. తెచ్చిన వారానికి, అలవాటు చేద్దామని గుడి గొడుగు విప్పితే, అది పగ్గం తెంచుకుని చెరుకు తోటలో పడి అరకోసు దూరం పరిగెత్తింది.

గుడి కమిటీ పెద్దాయన ఖండితంగా చెప్పేశాడు. డాక్టరు కాగితం ఇస్తేనే ఈ గుర్రం ఊరేగింపులోకి వస్తుంది. లేకపోతే వచ్చే ఏడాది నుంచి ట్రాక్టరు మీద బొమ్మ గుర్రం పెట్టి లైట్లు వేస్తాం. ఈ మాట బయటికి పొక్కగానే అరక్కోణం వైపు నుంచి ఒక బ్రోకరు రెండుసార్లు వచ్చి చిన్నోణ్ణి చూసి పోయాడు. పనికిరాని గుర్రాలను తోలుకుపోయే మనిషి అతను. ఆ తర్వాత అవి ఏమవుతాయో అతను చెప్పడు, ఇచ్చేవాళ్ళూ అడగరు.

నేను వెళ్ళేసరికి చిన్నోడు పాకలో నిలబడి ఉంది. చిక్కని గోధుమ రంగు, నల్లని జూలు, నుదుటి మీద నుంచి కళ్ళ మీదికి పడే దట్టమైన వెంట్రుకలు. చాలా కాలానికి ఒక థరోబ్రెడ్‌ను, అంటే పరుగు పందేల కోసమే తరతరాలుగా పెంచిన జాతి గుర్రాన్ని, దగ్గరగా చూసి నా ప్రాణం లేచివచ్చింది. మునిరత్నం చేతికి అందించిన పాస్‌పోర్టు విప్పాను. రేసు గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. దాని గుర్తులు, సుడులు, తల్లిదండ్రుల వివరాలు అందులో ఉంటాయి. నోరు తిరగని ఇంగ్లీషు పేరు పక్కన వంశం రాసి ఉంది. పైన ఉన్న ఒక పేరు పట్టుకుని నా బుర్రలోని పుస్తకంలో వెనక్కి వెనక్కి పోయాను. పోయి పోయి సెయింట్ సైమన్ దగ్గర ఆగాను.

మునిరత్నం భార్య సుగుణమ్మ గుర్రానికి అవతలి వైపు, కుడి పక్క, గోడకూ గుర్రానికీ మధ్య మేత బుట్టతో నిలబడి ఉంది. ఆమె అంది:

"సార్, ఈ పక్క నుంచి వచ్చి చూడండి. ఈ పక్క నేను పోతే ఉలిక్కిపడతాడు. ఆ పక్క ఏమీ చేయడు."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది.

"రేసు గుర్రాలు అంతే అక్కా. పుట్టినప్పటినుంచీ మనుషులు ఎడమ పక్కనే తిరుగుతారు. కుడి పక్క ఎవరొచ్చినా వాటికి కొత్త."

"అట్లనా సార్," అంది. మళ్ళీ ఏదో అనబోయి మేత వేసుకుంటూ ఉండిపోయింది.

పరీక్ష చేశాను. గుండె, ఊపిరి, కాళ్ళు, గిట్టలు అన్నీ బాగున్నాయి. కళ్ళకు ఒక టెస్టు ఉంది, మెనేస్ టెస్టు అంటాం. కంటి ముందుకు చెయ్యి హఠాత్తుగా తీసుకుపోతే చూపున్న కన్ను రెప్ప వేస్తుంది. ఎడమ కంటికి చేశాను, టక్కున వేసింది. తర్వాత దాన్ని బయటికి తీసుకొచ్చి, ఎండలో, ముందు నిలబడి రెండు కళ్ళలోకీ ఒకసారి చూశాను. కేసు కార్డు మీద 'రెండు కళ్ళూ, ఎన్.ఏ.డి.' అని రాశాను. తేడా ఏమీ కనిపించలేదు అనడానికి మా డాక్టర్లు రాసే మూడక్షరాలు అవి. నా మనసు అప్పటికే వేరే చోట ఉంది.

"అన్నా, ఈ గుర్రం ఎవరి వంశమో తెలుసా నీకు?" అని అడిగాను మునిరత్నాన్ని.

చెప్పాను, అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగుతూ, ఒక గంట. సెయింట్ సైమన్ విక్టోరియా రాణి కాలంలో పుట్టిన గుర్రం. అది చిన్నపిల్లగా ఉండగానే యజమాని చనిపోయాడు. పేరు నమోదు చేసిన యజమాని పోతే ఆ గుర్రం పేరు పెద్ద పందేల నుంచి కొట్టేసేవారట అప్పట్లో. అందుకని అన్నిటికన్నా గొప్పదైన డర్బీలో అది పరిగెత్తనే లేదు. పరిగెత్తిన పందెంలో మాత్రం ఒక్కటీ ఓడలేదు. దాని పిల్లలు, పిల్లల పిల్లలు లోకమంతా నిండిపోయారు. దాని కోపం అంతా ఇంతా కాదు. శాంతంగా ఉంటుందని తోడుకు ఒక పిల్లిని పెడితే దాన్ని విసిరి చంపేసిందట. అంతటి గుర్రానికీ ఒక్కటంటే ఒక్కటి భయం.

"ఏంది సార్ అది?" అన్నాడు మునిరత్నం.

"గొడుగు."

మునిరత్నం కళ్ళు ఇంతింత అయ్యాయి.

"కర్ర చివర టోపీ తగిలించి ఎత్తితే గొడుగనుకుని వణికిపోయేదట. అది ఆ రక్తం అన్నా. తాత భయం మనవడికి వచ్చింది."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇప్పుడు బతికున్న ఏ థరోబ్రెడ్ వంశం వెతికినా సెయింట్ సైమన్ ఎక్కడో ఒక మూల తగులుతుంది. అది నాకు తెలుసు. గొడుగు భయం పది పన్నెండు తరాలు దాటి రక్తంలో దిగదని కూడా తెలుసు. కానీ కథ అంత అందంగా అతుకుతుంటే ఆపుకోవడం నా వల్ల కాలేదు. గొడుగు, గొడుగు! ఎవరికైనా నోరూరుతుంది.

వారంలో ఆ కథ తిరువాలంగాడు స్టేషను దాకా పాకింది. రాణిగారి గుర్రం మనవడంట అని చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళు చేతిలో గొడుగు తెచ్చారు, నిజమో కాదో చూద్దామని. మునిరత్నం వాళ్ళను తరిమి తరిమి అలిసిపోయాడు. అయినా మనిషిలో ఒక గర్వం కనిపించేది. "మా చిన్నోడికి అది రక్తంలో ఉండాది అప్పా, వాడి తప్పేమీ లేదు," అని టీ కొట్టులో చెప్పేవాడట.

నేను వైద్యం మొదలుపెట్టాను. మందు లేదు, అలవాటు చేయడమే. మొదటి రోజు మూసిన గొడుగు దూరం నుంచి చూపించి బెల్లం ముక్క పెట్టడం. మర్నాడు ఇంకొంచెం దగ్గర. తర్వాత సగం విప్పడం. ఆ తర్వాత పూర్తిగా. మునిరత్నం ఎడమ పక్క నిలబడి పగ్గం పట్టుకుంటాడు, నేను అతని వెనక ఎడమ పక్కనే నిలబడి గొడుగు విప్పుతాను. నేను రాని రోజుల్లో అతనే ఒక చేత్తో పగ్గం, ఒక చేత్తో గొడుగు. ఇరవై రోజులకు చిన్నోడు గొడుగు కింద నిలబడి చెవులు వేలాడేసి కునుకు తీసింది. నేను విజయగర్వంతో ఫోటో తీసుకున్నాను.

రెండు పక్కలా నేర్పాలని నాకు తెలియదా? తెలుసు. గుర్రం ఒక పక్క నేర్చిన పాఠం రెండో పక్కకు పనికిరాదు, దానికి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. కుడి పక్కకు చివరి రెండు రోజులు ఉంచుకున్నాను. ఆ రెండు రోజులూ కుండపోత. రెండో రోజు సాయంత్రమే కాగితం కావాలని కమిటీ పెద్దాయన కబురు పంపాడు. సుగుణమ్మ గడపలో నిలబడి, "ఆ పక్క చూడనే లేదు గదా సార్," అంది. "ఇంత నేర్చినవాడు అదీ నేరుస్తాడులే అక్కా," అని చెప్పి, గుర్రం శాంతంగా ఉందనీ, ఊరేగింపుకు ఫిట్ అనీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

పెరటాసి మూడో శనివారం పొద్దున ఎనిమిదింటికి ఊరేగింపు బయలుదేరింది. నేను మా ఇంట్లోవాళ్ళందర్నీ తీసుకుని వెళ్ళాను. చిన్నోడి వీపు మీద పచ్చ పట్టుగుడ్డ, మెడలో చామంతుల మాల. ఎడమ పక్క మునిరత్నం, పగ్గం పట్టుకుని, కొత్త పంచె కట్టుకుని. గొడుగు పట్టే మనిషి కుడి పక్క. పగ్గం పట్టేవాడు ఎడమన ఉంటే గొడుగు కుడిన కాక ఇంకెక్కడ ఉంటుంది? అది అప్పుడే, అక్కడే, నా బుర్రకు తట్టింది. నోరు తెరిచేలోపు తెల్ల గొడుగు విచ్చుకుంది.

చిన్నోడు కుడినుంచి ఎడమకు ఒక్క దూకు దూకింది. ఎడమన ఉన్నది మునిరత్నం. భుజం కొట్టుకుని అతను కింద పడ్డాడు. గుర్రం అతని మీదినుంచి దాటి ఇరవై అడుగుల దూరంలో ఆగి నిలబడింది, ఒళ్ళంతా వణుకుతూ. గొడుగు బురదలో పడింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. గుర్రం లేకుండానే స్వామి ముందుకు సాగాడు. మేళం ఆగలేదు గానీ, ఊరంతా తల తిప్పి నన్ను చూసినట్టు అనిపించింది.

తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఎముక విరిగిందన్నారు, భుజానికి కట్టు వేశారు. సాయంత్రం నేను వరండాలో సుగుణమ్మ ముందు నిలబడ్డాను. "ఇట్లా అవుతుందని అనుకోలేదు అక్కా," అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు.

"సార్, ఒక మాట అడగతాను. మీరు మా గుర్రాన్ని చూసినారా, దాని తాతను చూసినారా?"

"ఈ పక్క నుంచి వచ్చి చూడండని మొదటి దినమే చెప్పినా. నేను సదువుకోలేదు, మీ పుస్తకం నాకు తెలియదు. పొద్దున సాయంత్రం వానికి మేత వేసేది నేను. ఆ పక్క పోతే వాని ఒళ్ళు ఎట్లా జలదరిస్తాదో నాకు తెలుసు. ఇప్పుడు సోమవారం బ్రోకరు బండి తెస్తానన్నాడు. ఈయన చెయ్యి పడిపోయింది, కమిటీవాళ్ళు వద్దంటాండారు, ఇంక వాణ్ని ఏమి చెప్పి పెట్టుకునేది?"

"సోమవారం లోపల నన్ను ఒకసారి చూడనివ్వండి. మీరు చెప్పిన పక్కనుంచి," అన్నాను.

ఆదివారం ఉదయం వెళ్ళాను. సుగుణమ్మ కుడి పక్క నిలబడి ఊరికే ఏదో మాట్లాడుతూ ఉంది దానితో, వర్షం గురించీ, చెరుకు గురించీ. ఆమె గొంతు వినిపిస్తున్నంతసేపూ చిన్నోడు కదల్లేదు. నేను ఆమె పక్కకు చేరాను. గాలి తగలకుండా వేళ్ళు ఎడం చేసి, చెయ్యి హఠాత్తుగా కుడి కంటి ముందుకు తీసుకుపోయాను. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరికి. పడలేదు. అప్పుడు పాక తలుపు మూసి, సందుల్లో టార్పాలిన్ కట్టి చీకటి చేశాం. నుదుటి వెంట్రుకలు ఎత్తి ఆఫ్తాల్మోస్కోపు పెట్టాను, కంటి లోపల చూసే చిన్న లైటు అది. చీకట్లో పెద్దగా విచ్చుకోవలసిన కంటిపాప విచ్చుకోలేదు. అంచులు లోపల అతుక్కుపోయి, చిరిగిన గుడ్డను అడ్డదిడ్డంగా కుట్టినట్టు ఉంది. దాని వెనక బూడిద తెలుపు పొర.

యువియైటిస్. కంటి లోపలి వాపు. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంత చూపు తీసుకుపోతుంది. మండే ఎండలో గుర్రం కంటిపాప సన్నని గీతలా ముడుచుకుంటుంది కాబట్టి వెనకనున్న పొర కనిపించదు. ఎండలో ఎందుకు చూశానా? చీకటి చేసి చూసే తీరిక లేక. కథ చెప్పే తీరిక మాత్రం గంటసేపు దొరికింది.

ఆ కంట్లో వెలుగూ నీడా తెలిసేంత చూపు మిగిలి ఉంది. దానివల్లే వచ్చింది తంటా అంతా. పూర్తిగా పోయిన కన్ను గుర్రాన్ని అంతగా బెదిరించదు. ఉండీ లేని చూపు బెదిరిస్తుంది. తెల్ల గొడుగు విచ్చుకున్నప్పుడు దానికి గొడుగు కనపడలేదు. ఎక్కడినుంచో పెద్ద వెలుగు మీదికి వచ్చి పడింది, అంతే. సుగుణమ్మ మేత బుట్ట ఎత్తినా అదే. సెయింట్ సైమన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

సోమవారం బ్రోకరు బండి వాకిట్లో ఆగి ఉండగానే, చేతికి కట్టుతో మంచం మీద కూర్చున్న మునిరత్నానికి ఇదంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ఆ కన్ను బాగుపడదనీ, రెండో కంటికి కూడా రావచ్చనీ దాచకుండా చెప్పాను. అతను ఒకటే అడిగాడు.

"అయితే వాడు పొగరు పట్టి నన్ను తొయ్యలేదు గదా సార్?"

"లేదు అన్నా. భయపడి నీ వైపుకు వచ్చాడు. తెలిసిన పక్క అదొక్కటే వాడికి."

మునిరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. వాకిట్లోకి చూసి గట్టిగా, "నీ బండి తిప్పుకో అప్పా, మావోడు యాడికీ రాడు," అన్నాడు. నాకూ కళ్ళు తడిశాయి, ఎందుకు దాచాలి.

అక్కణ్ణుంచి నేరుగా కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. నేనిచ్చిన కాగితం తప్పని చెప్పాను. ఆయన దాన్ని బీరువాలోంచి తీసి నా ముందు పెట్టి, "తప్పని మీ చేత్తోనే రాయండి సార్," అన్నాడు. రాశాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత బరువైన సంతకం ఇంకొకటి పెట్టలేదు.

కంటిపాపను వదులు చేసే ఎట్రోపిన్ చుక్కలు, వాపు తగ్గే మందులు నెలల తరబడి సాగాయి. చుక్కలు వేసేది సుగుణమ్మే. చలికాలం ముగిసేసరికి ఆ కన్ను చిన్నదై, వెలుగు కూడా తెలియకుండా ఆరిపోయింది. నొప్పి పోయింది. ఎడమ కన్ను నిలిచింది. నెలకోసారి నేను వెళ్ళి, చీకటి చేసి, రెండూ చూసి వచ్చేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒకసారి మా పాత పుస్తకం తీశాను. గుర్రాల చరిత్రలు అయిపోయాక చివర్లో శాలలో వచ్చే జబ్బుల అధ్యాయం ఒకటి ఉంది. ఆ పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇన్నేళ్ళలో నేను వాటిని విప్పనే లేదు. విప్పితే, ఈ జబ్బు గురించే రెండు పేజీలు. చంద్రుడిలా వచ్చి పోతుందని ఆ రోజుల్లో దీన్ని చంద్రుడి గుడ్డితనం అనేవారట. ఊరికే బెదిరే గుర్రానికి ముందు కళ్ళు చూడమని కూడా ఉంది.

మర్యాద సంగతి మళ్ళీ మరుసటి ఏడాది ఆడి నెలలో, జులై చివర్లో, వచ్చింది. కమిటీ మీటింగుకు మునిరత్నం నన్ను కూడా రమ్మన్నాడు. ఒంటికన్ను గుర్రం స్వామి ముందర పోవచ్చునా అన్నాడు పెద్దాయన. సుగుణమ్మ మొగుడి వెనకనుంచి ముందుకు వచ్చింది.

"స్వామికి రెండు కండ్లు ఉండాయి గదా అయ్యా, చాలదా? గుర్రానికి దావ చూపించేదానికి నేనుండాను."

ఆడమనిషి పగ్గం పట్టడమా అని కాసేపు గొణుగుళ్ళు నడిచాయి. మునిరత్నం చెయ్యి పైకి ఎత్తి చూపించాడు. అది భుజం దాటి లేవలేదు. "పట్టాలంటే ఆమే పట్టాల," అన్నాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "కాగితం ఇస్తారా సార్?" అన్నాడు. ఈసారి రెండు పక్కలా గొడుగు విప్పి, నలభై రోజులు చూసి, ఆ తర్వాతే ఇచ్చాను.

2023 పెరటాసిలో సుగుణమ్మ కుడి పక్క నడిచింది. ఏ శాలలోనూ ఏ గుర్రాన్నీ అట్లా కుడినుంచి నడిపించగా నేను చూడలేదు. గొడుగు ఎడమ పక్కకు మారింది, కనిపించే పక్కకు. ఆమె దారి పొడుగునా చిన్నోడితో మాట్లాడుతూనే ఉంది. ఇక్కడ గుంత ఉండాది, ఇక్కడ మేళం వస్తాది, ఇదిగో మీ అయ్య వెనకాల్నే వస్తాండాడు. గొడుగు విచ్చుకుంది. చిన్నోడు ఒక చెవి గొడుగు వైపు, ఒక చెవి ఆమె వైపు పెట్టి నడిచిపోయింది. మునిరత్నం దాని వెనక, ఆ కొత్త పంచెలోనే.

ఊరేగింపు అయ్యాక దగ్గరికి వెళ్ళాను. నా కాళ్ళు పాత దారినే ఎడమ వైపుకు తిరిగాయి. సుగుణమ్మ పిలిచింది. "సార్, ఈ పక్క నుంచి రాండి. వచ్చేది వానికి చెప్పి రాండి." చుట్టూ తిరిగి వెళ్ళాను. "నేనే చిన్నోడా," అన్నాను. చెవి నా వైపు తిరిగింది.

ఇప్పుడు నా కేసు కార్డులో అన్నిటికన్నా పైన ఒక కొత్త గడి ఉంది. మేత వేసేవాళ్ళు ఏమంటున్నారు. అది నింపకుండా పశువు మీద చెయ్యి వేయను, ఆవైనా, మేకైనా, కుక్కయినా. పుస్తకాలు ఇప్పటికీ చదువుతాను, కథలూ చెబుతాను, పరీక్ష అయ్యాక. చిన్నోడి మొదటి కార్డు మాత్రం నా బల్ల అద్దం కిందే ఉంది. రోజూ ఉదయం కూర్చోగానే నా చేతిరాత నాకు కనిపిస్తుంది. రెండు కళ్ళూ అని రాశాను. పరీక్ష చేసింది ఒక్కటే.